దమరి పేరుకు మా వరండా చెప్పిన అర్థం

మా నాన్న పేర్లకు అర్థాలు చెప్పేవాడు. ఆయన ఉద్యోగం అది కాదు. ఉద్యోగం సచివాలయంలో, ఫైళ్ల మీద. ఇది వేరే రోగం. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో, మా ఇంటి వరండాలో సాయంత్రం పడక్కుర్చీ వాల్చుకుని కూర్చున్నాడంటే గేటు ముందు నుంచి పోయే మనిషికి తప్పించుకునే దారి ఉండేది కాదు. కూరగాయల బండి ఆపి వంకాయల ధర కన్నా ముందు పేరు అడిగేవాడు. "మల్లేశమా? మల్లేశం అంటే ఏందో తెల్సా నీకు?" అని మొదలుపెట్టి, ఆ బండి మనిషి పక్క సందులో బేరం పోగొట్టుకునేదాకా వదిలేవాడు కాదు. చుట్టుపక్కల పుట్టిన ప్రతి బిడ్డ పేరూ ఆయన నోటి నుంచే రావాలి. ఇరవై ఒకటో రోజున పళ్లెంలో బియ్యం పోయించి, వేలి ఉంగరం తీసి దానితో బియ్యంలో పేరు రాసేవాడు. తల్లిదండ్రులు అనుకున్న పేరు నచ్చకపోతే ఉంగరం వేలికే ఉండేది. ఆయనకు నచ్చే పేరు వాళ్ల నోట వచ్చేదాకా పిల్ల తొట్టెలో ఏడుస్తూ ఉండేది. నాకు పెట్టిన పేరు శ్రీధర్. సిరిని ధరించినవాడని అర్థం. డిగ్రీ అయ్యేదాకా నేను ధరించినవి ఆయన పాత చొక్కాలు.

ఆ వరండాను సందంతా పండిత సభ అనుకునేది. ఇప్పుడు తలచుకుంటే నలుగురు ముసలివాళ్లు ఒకరి వీపు ఒకరు గోక్కున్నట్టు కనిపిస్తుంది. వాళ్లలో ముఖ్యుడు ఎదురింటి రిటైర్డ్ తాసిల్దారు గారు. ఆయనకు సంస్కృతం ముక్క రాదు, ఉర్దూలో వాహ్ వాహ్ అనడం మాత్రం బాగా వచ్చు. ప్రపంచంలోని ప్రతి మాటా మన దగ్గరి నుంచే పోయిందని వాళ్ల గట్టి నమ్మకం. ఆ ప్రపంచాన్ని వాళ్లు చూసింది తిరుపతి దాకా. టీ గ్లాసులు, మంచినీళ్లు అందించేవాడిని నేను. ఆ సభలో నాకు కుర్చీ ఉండేది కాదు. స్తంభానికి ఆనుకుని నిలబడేవాడిని. ఆ కుర్చీ కోసం నేను చేసిన పని ఒకటి నాన్న వేయించిన పుస్తకంలోకి ఎక్కి, ఇప్పటికీ కోఠిలో కాలిబాట మీద అమ్ముడుపోతోంది. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

మా ఇంటి వెనక రెండు గదుల భాగం ఒకటి ఉండేది. దాన్ని కిరాయికి ఇచ్చేటప్పుడు గేటుకు ఒక అట్ట వేలాడదీసేవాళ్లం, శాకాహారులకు మాత్రమే అని. దాని అసలు అర్థం అందరికీ తెలుసు కాబట్టి అంతకన్నా రాయనక్కరలేదు. ఆ అట్టను నాన్న ఒక్కసారే తనంతట తాను తీసేశాడు. మా నానమ్మ మంచాన పడి, ఆమెకు రోజూ ఇంజెక్షన్ వేయాల్సి వచ్చినప్పుడు. అప్పుడు మా ఇంటికి సుగుణమ్మ గారు వచ్చారు. మహబూబ్‌నగర్ వైపు మనిషి, ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సు. పదో తరగతి చదివే కూతురు, ఒక ట్రంకు పెట్టె, ఒక కుట్టుమిషను. భర్త లేడు. చనిపోయాడా, వదిలేశాడా అని మా అమ్మ ఎన్ని విధాల అడిగినా ఆమె చెప్పలేదు. "మీరు ఏమిటోళ్లు?" అని నాన్న మర్యాదగా కులం అడిగితే, "నర్సులం సార్" అని అంతకన్నా మర్యాదగా జవాబిచ్చింది.

ఆమె వస్తే ముందు వాసన వచ్చేది. స్పిరిటు, గంజి పెట్టిన చీర, కొంచెం కొబ్బరినూనె. పొద్దున డ్యూటీకి పోయేముందు వచ్చి, చిన్న స్టీలు డబ్బాలో సూది మరిగించి, నానమ్మ చేయి పట్టుకుని "ఏం గాదు పెద్దమ్మా, చీమ కుట్టినట్టు" అనేది. ఎవరు ముట్టుకున్నా స్నానం చేసే నానమ్మ ఆమె చేతిని మాత్రం పట్టుకుని వదిలేది కాదు. ఆ చేతితో వండిన పదార్థం సంగతి వేరు. సుగుణమ్మ గారు ఆదివారం గోంగూర పచ్చడో, నువ్వుల పొడో గిన్నెలో పెట్టి పంపితే అమ్మ నవ్వుతూ తీసుకునేది. గేటు చప్పుడయ్యాక పనామెకు ఇచ్చేసేది. ఆ గిన్నెను చింతపండుతో తోమి, వట్టిగా ఇవ్వకూడదని అందులో చక్కెర పోసి తిరిగి పంపేది. ఆమె మందు మా ఒంట్లోకి పోవచ్చు, పచ్చడి పోకూడదు. మా ఇంట్లో ఇంత తెలివితక్కువ ఏర్పాటును ఆచారం అనేవాళ్లు. దానికి నేనూ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. గోంగూర నాకు ఇష్టం లేదని మనసుకు నచ్చజెప్పుకున్నాను.

ఆ పిల్లను నాన్న పేరు అడిగింది వాళ్లు దిగిన వారంలోనే. స్కూలు సంచితో గేటు తీసుకుని వస్తోంది. సన్నగా, పొడవుగా, మాట్లాడేముందు ఒక్క క్షణం ఆగే పిల్ల.

"పేరేంది బిడ్డా?"

"దమరి, సార్."

"దమరా? గదేం పేరు? ఏం అర్థం?"

"తెల్వదు సార్. బైబిల్ల ఉంటది."

నాన్న కుర్చీలో ముందుకు వంగాడు. ఆయన ముందు తెలియదు అనడం ఎవరికీ అలవాటు లేదు. "దమము అంటే ఇంద్రియ నిగ్రహం. అక్కడి నుంచే పోయింది" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. తాసిల్దారు గారు వాహ్ అన్నారు. ఆ పిల్ల తల ఊపి లోపలికి పోతే కథ అక్కడితో అయిపోయేది. వెనకే బియ్యం సంచితో వస్తున్న సుగుణమ్మ గారు ఆగి, "గ్రీకు పేరట సార్. మా పాస్టర్ గారినడిగిన. అర్థం ఆయనక్కూడ తెల్వదన్నడు" అంది. ఎదురు చెప్పాలని కాదు, ఉన్న మాట చెప్పింది. నాన్న ముఖం మాడిపోయింది. "అర్థం తెల్వకుంట మనిషికి పేరు పెట్టుడేంది? కుక్కకు పెట్టినట్టు" అని ఆమె వెళ్లాక చాలాసేపు గొణిగాడు. మర్నాడు నన్ను పిలిచి, "లైబ్రరీల ఇంగ్లిషు పుస్తకాలుంటయి గదా, చూసి రా" అన్నాడు. అప్పుడు నేను నారాయణగూడలో డిగ్రీ మొదటి సంవత్సరం. ఇంగ్లిషు చదవగలనన్న ఒక్క కారణానికి ఆ సభలో నాకు మొదటిసారి పని పడింది.

లైబ్రరీలో రిఫరెన్సు గది పై అంతస్తులో ఉండేది. కింద పేపర్లు చదివేవాళ్లు కాళ్లు చాపి నిద్రపోతుంటే, పైన పాత కాగితం వాసన, ఫ్యాను గరగర, పోటీ పరీక్షలవాళ్ల దగ్గులు. బైబిల్ పేర్ల నిఘంటువు ఒకటి దొరికింది. లావుపాటి పుస్తకం, అట్ట ఊడింది. దమరి గురించి అందులో ఉన్నది చాలా కొంచెం. ఈ పేరు ఒక్కచోటే వస్తుంది. ఏథెన్సులో క్రీస్తు గురించి బోధించిన పౌలు మాటలు విని నమ్మిన ఒక స్త్రీ పేరు. ఎక్కడి నుంచి వచ్చిందో నిశ్చయంగా తెలియదు. బహుశా పెయ్యదూడ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి కావచ్చు. భార్య అనే మాట నుంచి వచ్చిందని కొందరంటారు. అసలు గ్రీకు పేరే కాకపోవచ్చునని ఇంకొకరు. అంతే. ఆ పుస్తకం రాసినాయన ఎవరో గానీ, తెలియనిది తెలియదని రాశాడు. మా వరండాలో ఆయనకు మంచినీళ్లు కూడా పుట్టేవి కావు.

నేను మెట్లు దిగేటప్పుడే బహుశాను వదిలేశాను. భార్య సంగతి సందు మలుపులో పోయింది. గేటు తీసేసరికి నా దగ్గర పెయ్యదూడ ఒక్కటే మిగిలింది. అది చెబితే ఏమవుతుందో నాకు తెలుసు, అందుకే దాన్ని జాగ్రత్తగా పట్టుకొచ్చాను. సభ నిండుగా ఉంది. "దొరికింది నాన్నా. దమరి అంటే పెయ్యదూడ" అన్నాను. ముందు తాసిల్దారు గారి పొట్ట నవ్వుతో కదలడం మొదలైంది.

"పెయ్యనా! అరే, నర్సమ్మ కిరాయికొచ్చిందనుకుంటిమి గదా, పెయ్యను తోలుకొచ్చిందా! జర గడ్డి గిట్ల ఏసిండ్రా లేదా?"

నాన్న పడీపడీ నవ్వాడు. ఆయన నా మాటకు నవ్వడం అదే మొదటిసారి. నవ్వు ఆగాక లోపలికి చూసి, "ఏమేవ్, పిలగానికి ఓ కుర్చీ తెప్పియ్యి" అని అమ్మతో అన్నాడు. ఇనుప మడత కుర్చీ. నేను కూర్చున్నాను.

ఆ నవ్విన పెద్దమనుషుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. వాళ్లలో ప్రతివాడూ కొత్త ఇంట్లోకి తను అడుగుపెట్టే ముందు ఆవును దూడతో సహా లోపలికి నడిపించినవాడే. దాని నుదుట బొట్టు పెట్టి, తోకకు మొక్కి, అది హాల్లో పేడ వేస్తే శుభమని మురిసిపోయినవాడే. ఇంటికో గోపాల్ ఉన్నాడు. నంది పేరున్నవాడు ఒకడు మా సందులోనే వకీలు. గుడి బయట పెయ్యదూడ కనబడితే కళ్లకద్దుకునేవాళ్లకు, వెనక భాగంలో కిరాయికున్న పిల్ల పేరుకు అదే అర్థమంటే అది బూతైంది. మాటలో ఏ తేడా లేదు. తేడా ఆ పిల్ల ఎక్కడ నిలబడిందన్నదే. ఇంత చదువుకున్న సభలో ఒక్కడికీ ఇది తోచలేదు. తోచినా చెప్పకపోదురు, టీ అప్పుడే వచ్చింది.

మాట వరండా దిగి సందులోకి పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. దమరి స్కూలుకు పోతుంటే పిల్లలు గోడల మీది నుంచి "అంబా" అని అరిచేవాళ్లు. ఒకరోజు ఎవరో గేటుకు గడ్డిపరక కట్టారు. అమ్మ దాన్ని విప్పి పారేసి, "పిల్లలు పాడైపోతున్నరు" అంది, పెద్దలేమీ పాడవనట్టు. దమరి వెనక సందు చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టింది. తర్వాత అసలు పోవడం మానేసింది. పదో తరగతి పరీక్షలకు పేర్లు పంపే రోజులవి. తల్లి డ్యూటీలో ఉండగా కుళాయి దగ్గర బట్టలు పిండుతూ ఉండేది. ఒకరోజు నేను ముఖం కడుక్కోవడానికి పోతే తలెత్తకుండా అడిగింది.

"అన్నా, పుస్తకంల నువ్వే చూసినవంట గదా?"

"ఆ."

"నిజంగ గదేనా ఉన్నది? ఇంకేం లేదా?"

లెక్కలు రాకపోతే నా దగ్గరికే వచ్చేది. నేను చెప్పింది తప్పు కావచ్చునని ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఒక్క మాట, బహుశా, నా నాలుక మీద ఉంది. చెబితే పిల్ల స్కూలుకు పోతుంది. ఆ మాట వరండాకు చేరితే నా కుర్చీ పోతుంది.

"గదే ఉన్నది" అన్నాను.

ఆమె బకెట్టు ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రం తల్లితో ఆ పేరు నాకొద్దని ఏడ్చిందట. సుగుణమ్మ గారు ఆస్పత్రి చీరతోనే వరండాలోకి వచ్చి నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను లేవలేదు.

"పిల్ల బడికి పోతలేదు సార్. మీరు పెద్దోళ్లు, జర సందుల పోరగాళ్లకు చెప్పండ్రి."

"పోరగాళ్లకేం చెప్తమమ్మా, పేరు గట్లున్నది" అన్నాడు నాన్న. "అసలు బైబిల్ల అంతమంది ఉండంగ గా పేరే ఎందుకు పెట్టినవ్?"

ఆమె మెల్లగా చెప్పింది. "ఏథెన్సు ఊర్ల పౌలు మాట్లాడుతుంటే కొందరు నవ్విండ్రట సార్. కొందరు మల్ల ఇంటంలే అన్నరట. నమ్మినోళ్లల్ల ఒకామె ఉన్నది. ఆమె పేరు రాసిండ్రు, దమరి అని. ఎవల బిడ్డ, ఎవల పెండ్లాం, ఏ ఇంటిది, ఏం రాయలే. వట్టి పేరే. నేనెక్కడికి పోయినా ముందు మొగని పేరడుగుతరు, ఎన్క కులమడుగుతరు. నా బిడ్డకు గట్ల పేరొక్కటే చాలాలె అనుకున్న."

మా సందులో ఒక పేరు గురించి అంతకన్నా మంచి మాట ఎవరూ చెప్పి ఉండరు. నాన్న దాన్ని విని, "అంటే అడ్రస్ లేని మనిషన్నట్టు" అన్నాడు. తాసిల్దారు గారు ముక్కుపొడుం పీల్చారు. నాన్నకు అప్పటికే దయ పుట్టింది. ఆయన దయ ఆయన కోపం కన్నా ప్రమాదం. "ఇప్పుడేం మించిపోలే. బడిల రాసేటప్పుడు దమయంతి అని రాయించు. నలమహారాజు భార్య, మహా పతివ్రత. మొదటి రెండక్షరాలు గట్లనే ఉంటయి, పరేషాన్ లేదు. హెడ్మాస్టరుకు నేను చెప్త" అన్నాడు. మొగుడి పేరు లేకుండా ఒక పేరు కావాలన్న మనిషికి, మొగుడి వెంట అడవులు పట్టి తిరిగిన ఆమె పేరు ఇచ్చాడు.

కాగితం మీద మారితే చాలదు, పద్ధతి ప్రకారం జరగాలన్నాడు. ఆదివారం పొద్దున, వాళ్లు చర్చికి పోవాల్సిన వేళకు, పదిహేనేళ్ల పిల్లను వరండాలో చాప మీద కూర్చోబెట్టి ముందు బియ్యం పళ్లెం పెట్టాడు. ఉంగరం తీసి దమయంతి అని రాశాడు. అందరూ అక్షింతలు వేశారు. నేనూ వేశాను. దమరి పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది. సుగుణమ్మ గారు గుమ్మం పక్కన, చర్చికి కట్టుకున్న తెల్లచీరలో, చేతులు కట్టుకుని నిలబడింది. తంతు అయ్యాక ఆ బియ్యాన్ని అమ్మ మా డబ్బాలో కలపలేదు. విడిగా మూటకట్టి పనామెకు ఇచ్చింది. పేరు మనది చేసుకున్నాం గానీ, ఆ పేరు రాసిన గింజల్ని వండుకునేంత కాదు.

ఆ ఎండాకాలం నానమ్మ పోయింది. ఇంజెక్షన్ల అవసరం తీరింది. పెద్దకర్మ అయిన కొద్దిరోజులకే నాన్న, వెనక గదులు సొంతానికి కావాలని సుగుణమ్మ గారికి చెప్పాడు. తల్లీకూతుళ్లు రిక్షాలో ట్రంకు పెట్టె, కుట్టుమిషను ఎక్కించుకుని రాంనగర్ వైపు వెళ్లిపోయారు. సాయంత్రానికి గేటుకు మళ్లీ అట్ట వేలాడింది.

తర్వాతి కాలమంతా చెప్పను. నాన్న తన అర్థాలన్నీ కలిపి చిన్న పుస్తకం వేయించాడు. అందులో ఇతర మతాల పేర్లని చివర ఒక పేజీ ఉంటుంది. దమరి, గ్రీకు, పెయ్యదూడ, పిల్లలకు పెట్టదగదు. సంపాదించిపెట్టింది నేను, ముద్రించుకుంది ఆయన. ఆయన పోయాక పుస్తకం నా చేతికొచ్చింది, దానితో పాటు పండితుడన్న పేరూ వచ్చింది. ఇప్పుడు ఆ వరండా లేదు. అపార్టుమెంటు కట్టారు, కింద పోటీ పరీక్షల జిరాక్సు సెంటరు. అశోక్‌నగర్ దాకా గోడలన్నీ ర్యాంకుల ముఖాలే. పేర్లు ఫోన్లో దొరుకుతున్నాయి. సంఖ్యాశాస్త్రమని ఇంగ్లిషు అక్షరాలు రెండు ఎక్కువ తగిలించి, బిడ్డ జాతకం మార్చామని తల్లిదండ్రులు సంబరపడుతున్నారు. వాళ్లను చూసి నవ్వుదామనుకుంటాను. ఆ ఫోన్లలో ఒకదానిలో, పిల్లలకు పెట్టదగదు అన్న మాటతో సహా, మా పెయ్యదూడ కనబడింది. నవ్వు రాలేదు.

పోయిన నెల సుగుణమ్మ గారు చనిపోయారని తెలిసి నారాయణగూడ సమాధుల తోటకు వెళ్లాను. మట్టి వేయడం అయిపోయింది. జనం పలచబడ్డాక తెల్లచీరలో ఒకామె దగ్గరికి వచ్చింది. జుట్టు నెరిసింది. మాట్లాడేముందు ఒక్క క్షణం ఆగింది.

"నువ్వు శ్రీధరన్నవే గదా?"

కరెంటు ఆఫీసులో పనిచేస్తోందట, రిటైర్మెంటుకు దగ్గర పడిందట. అక్కడ అందరికీ దమయంతి మేడం. "అమ్మ ఒక్కతే ఆఖరిదాక దమరి అన్నది" అంది. "ఆస్పత్రిల డాక్టరు పరీక్ష చేస్తుండె, తెలివి ఉన్నదా లేదా అని. నీ బిడ్డ పేరేందమ్మా అంటే దమరి అన్నది. వాళ్లు నా ఆధార్ కార్డు చూసిండ్రు. ముసలామెకు యాది తప్పింది అని రాసుకున్నరు. నేనెంత చెప్పినా కొట్టెయ్యలే."

నేను సమాధి వైపు చూస్తూ నిలబడ్డాను. అంతవరకు ఆ సంగతిని ఒక ఆడపిల్లకు జరిగిన అన్యాయంగా అప్పుడప్పుడు గుర్తుచేసుకుని, బాధపడగలుగుతున్నందుకు నన్ను నేనే మెచ్చుకునేవాడిని. అంత పనికిమాలిన బాధ ఇంకొకటి ఉండదు. ఉన్న మాట చెప్పినందుకు సుగుణమ్మ గారు కాగితం మీద మతి లేని మనిషై పోయింది.

"ఆ రోజు పుస్తకంల ఉన్నది పెయ్య ఒక్కటే కాదమ్మా" అన్నాను. అక్కడున్నదంతా చెప్పాను. బహుశా గురించి, భార్య గురించి, నిశ్చయంగా తెలియదన్న మాట గురించి.

"అంటే ఎవలకూ తెల్వదన్నట్టు."

"తెల్వదు."

"గదే గదా మేం మొదటి రోజు చెప్పింది, గేటు కాడ" అంది. నవ్వింది. అది నన్ను క్షమించే నవ్వు కాదు. "నల్లా కాడ, బట్టలు పిండుకుంట అడిగిన నిన్ను. యాదున్నదా?"

"ఉన్నది."

"నాకూ ఉన్నది." చెప్పులు వేసుకుంటూ, "ఇప్పుడు పేరు మార్చుకుంట తిరిగే ఓపిక నాకు లేదన్నా. నా పింఛను కాగితాలన్నీ దమయంతే. నీ పుస్తకంల పెయ్యను తీసెయ్యి, చాలు. ఇంకే సందుల పిల్లలు ఇంకో పిల్లను చూసి అంబా అని అరవొద్దు" అంది.

"రాయి మీద ఏం రాయిస్తున్నరు?"

"సుగుణమ్మ. ఇంకేం లేదు" అని, ఎదురుచూస్తున్న ఆటో ఎక్కింది.

పుస్తకం కొత్త ముద్రణకు దిద్దిన కాగితాలు మొన్న కోఠిలో ప్రచురణకర్తకు ఇచ్చాను. నిన్న ఫోన్ చేశాడు. "సార్, ఒకచోట అర్థం తెల్వదు అని రాసిండ్రేంది? అర్థాల పుస్తకం కొనేది ఎందుకు మల్ల? ఏదో ఒకటి పెట్టండ్రి సార్, ఎవడు చూడొస్తడు" అన్నాడు. మా నాన్న వరండాలోంచి మాట్లాడినట్టే అనిపించింది. నేను రాసింది రాసినట్టే ఉంచమన్నాను. అక్కడ ఇలా ఉంటుంది:

దమరి. ఏథెన్సు నగరంలో ఒక స్త్రీ. పేరుకు అర్థం ఎవరికీ తెలియదు. ఆ రోజు అక్కడ నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.